తిట్లు తిన్న దవనం

నమోదు 1

రోజూ ఒక పేజీ నింపాలని శిక్షలో ఉంది. ఏం నింపామో ఎవరూ చదవరు, నిండిందా లేదా అని మాత్రం చూస్తారు. లోతూరు కార్యాలయంలో చదివే అలవాటున్నది చెదపురుగులకే. అందుకని మొహమాటం లేకుండా ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

పేరు మద్దిలేటి. ఎనిమిదో తరగతి మూడుసార్లు చదివాను, కలుపుకుంటే పదో తరగతి దాకా చదివినట్టే. చేసిన నేరం చిన్నది. సర్పంచిగారు పొద్దున్నే మైకులో ఊరికిచ్చే సందేశం తీసేసి, పాత రికార్డుల్లో దొరికిన గాడిద ఓండ్ర పెట్టాను. రెండు రోజులు ఎవరికీ తేడా తెలియలేదు. మూడోనాడు సర్పంచిగారు "ఇవాళ నా గొంతు బాగా పలికింది కదా" అని భార్యనడిగితే ఆవిడ చెప్పిందట.

కొట్టడం, కసరడం, అరవడం మా ఊళ్లో ఎప్పుడో రద్దయ్యాయి. మనుషుల దగ్గర రద్దు చేశాక అధికారులకు ఇంకేం తోచక మొక్కల దగ్గరా రద్దు చేశారు. కాబట్టి నన్ను కొట్టలేదు. నాలుగో గదిలో దవనం మొక్కల్ని కోతకొచ్చేదాకా పొగడమన్నారు. పుట్టి బుద్ధెరిగాక ఒక్క ప్రాణిని పొగిడినవాణ్ణి కాను. ఇంతకంటే కొట్టడమే నయం.

నమోదు 2

మృదుల మేడం వచ్చి పని అప్పజెప్పింది. ఆవిడ మొక్కల సంక్షేమాధికారి. ఎంత మెల్లగా మాట్లాడుతుందంటే, వినాలంటే మనం వంగాలి. ఆవిడ ముందు ఊరంతా వినయంగా ఉన్నట్టు కనిపించేది అందుకే.

"మొక్క సంతోషంగా ఉంటే నూనె బాగుంటుందండీ. ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి" అంది, చెయ్యి గోక్కుంటూ. మోచేతి దాకా దోమకాట్లు.

దవనం సంతోషం కోసం చేయాల్సినవన్నీ గోడ మీద రాసి ఉన్నాయి. డ్రిప్పు పొద్దంతా పారుతూ ఉండాలి. ఈ ఊరు పాత నాపరాళ్ల గని లోపల ఉంది కాబట్టి ఎండ నేరుగా రాదు. పైన పెట్టిన అద్దాల మీద పడి, ఎండగొట్టాల్లోంచి గదుల్లోకి దిగుతుంది. మధ్యాహ్నం అది చురుక్కుమనే వేళకు మొక్కలకు అడ్డంగా తెర లాగాలి. పురుగు కనబడకూడదు. ఆకు మీద చెయ్యి వెయ్యకూడదు. మొక్కలకు వినిపించే వీణ ఆగకూడదు. మా అమ్మ నన్ను ఇందులో సగం చూసుకున్నా నేను ఇలా తయారయ్యేవాణ్ణి కాదు.

గోడకు చెవి అనే యంత్రం ఉంది. మనం తియ్యగా మాట్లాడితే పచ్చదీపం, కటువుగా మాట్లాడితే ఎర్రదీపం. సాయంత్రానికల్లా దాని గుట్టు తెలిసిపోయింది. దానికి గొంతు తెలుసు గానీ మాట తెలియదు. జోలపాట రాగంలో "ఒసే పనికిమాలినదానా, నీ బతుక్కి పువ్వొకటి కూడానా బంగారుతల్లీ" అన్నాను. పచ్చదీపం పండగలా వెలిగింది.

నమోదు 5

సుంకులమ్మ వదిన వచ్చింది. మా అన్న భార్య. ఊరికంతటికీ దవనం నూనె దించే బట్టీ ఆవిడదే. రాగి డేగిసాలో దవనం కుక్కి, కింద ఆవిరి పెట్టి, ఆ ఆవిరిని గొట్టంలో చల్లార్చి, నీళ్ల మీద తేలే నూనెను దూదితో తీసినంత జాగ్రత్తగా తీస్తుంది. ఆ నూనె వత్తికి రాసి ప్రతి గుమ్మంలో పెట్టుకుంటాం. లేకపోతే పాత సొరంగాల్లోంచి గుడ్డిదోమలు వస్తాయి. అవి కుడితే వణుకుడు జ్వరం. ఇప్పుడు జ్వరాల గది నిండిపోయి వరండాలో పడుకోబెడుతున్నారు.

"ఏం మరిదీ, గడ్డికి జోల పాడతాండావంట?"

"గడ్డి కాదు వదినా, నా యజమానురాలు. మెల్లగా మాట్లాడు, నొచ్చుకుంటాది."

ఆవిడ నవ్వలేదు. మెట్టు మీద కూర్చుని ఆయాసం తీరేదాకా ఆగింది.

"ఈ తూరి నూనె గూడ నీళ్లమాదిరి వచ్చింది. దోమల డబ్బాలో పెట్టి సూసినారు. సచ్చేది పోయి ఆ వత్తిమీదనే కూసోని కాపరం పెట్టినాయి. తప్పు బట్టీదేనంటాండారు. నన్ను తీసేసి పైకి పంపుతారంట, అద్దాలు తుడిసేదానికి."

అద్దాల మీద దుమ్ము తుడవడానికి మా అన్న కూడా పైకి వెళ్లాడు. పైన ఎండకు మనిషి నిలవడు. సాయంత్రం చీపురు ఒక్కటే తెచ్చిచ్చారు. ఆ మనిషి నాకంటే రెండింతలుండేవాడు, ఆయాసం కూడా లేదు.

"తప్పు నీదేనా?" అన్నాను.

"నాదెట్లయితాది? రాగి డేగిసాకు కళాయి పొయ్యింది. అదీ కథ" అంది వదిన. వదినకు ఏ రోగమొచ్చినా కారణం కళాయే. జ్వరాల గది నిండింది కూడా కళాయి పోబట్టే అంటుంది.

నమోదు 8

ఇవాళ ఒక గొప్ప సంగతి కనిపెట్టాను. మనిషికి స్నానానికి వారానికి ఒక్క బకెట్టు. దవనానికి పొద్దంతా ధార. పొగడ్తలకు నోచుకున్నది అదీ, పొగిడి పొగిడి చెమట పట్టింది నాకూనా?

డ్రిప్పు పైపు మొదట్లో ఊడదీసి తల మీద పెట్టుకున్నాను. ఆహా. గదికి నడవ వైపు కిటికీ ఉంది కాబట్టి మధ్యాహ్నం మొక్కలకు కట్టే తెర తీసి నాకు అడ్డం కట్టుకున్నాను. మొక్కల మీద ఎండ పడింది. పడనీ. నాకున్న సిగ్గు వాటికి లేదు.

నేల వాలుగా ఉంది. పైగా నీళ్లు నిలవకుండా కింది కాలువలోకి పోతాయి కాబట్టి జాడ కూడా ఉండదు. ఈ గదిని కట్టినవాడు నాకోసమే కట్టాడు.

నమోదు 17

రోజూ స్నానం అలవాటైంది. కానీ ఇవాళ సబ్బు కంట్లో పడింది, కాలు జారింది, మోకాలు రాతికి తగిలింది. ఎదురుగా దవనం నిలబడి చూస్తోంది. ఇంకేం ఆగుతాం?

ఇన్నాళ్లు లోపల కూరుకుపోయిన తిట్లన్నీ పైకొచ్చాయి. దవనం తల్లిని, తండ్రిని, విత్తనం జల్లినవాణ్ణి, దాని వాసన చూసి మురిసిపోయిన వాళ్లందరినీ వరసపెట్టి తిట్టాను. మా నాయన దగ్గర నేర్చుకున్నవి అయిపోయాక సొంతంగా కట్టాను. ఎర్రదీపం వెలిగి, వెలిగి, చివరికి టప్పున పేలిపోయింది. మనసు తేలికైంది. మోకాలు మాత్రం వాచింది.

నమోదు 31

భయంగా ఉంది. నేనొచ్చినప్పుడు జానెడెత్తు, పచ్చగా, ముద్దుగా ఉండేవి. ఇప్పుడు పెరగకుండా పొట్టిగానే నిలబడిపోయాయి. ఆకు చిన్నదై, బూడిద రంగు తిరిగి, నలిపితే వేలికి జిగటగా అంటుకుంటోంది. పక్క గదిలో కొత్తిమీర పొగిడే కుళ్లాయప్ప తలుపు దగ్గర ఆగి ముక్కెగరేశాడు.

"ఏమన్నా వాసన వస్తాందే మద్దిలేటన్నా?"

"నా స్నానం వాసన" అన్నాను. నిజం చెబితే ఎవరూ నమ్మరు కదా, అందుకని చెప్పాను.

నీళ్లు పెట్టాలనే అనుకున్నాను. పెడితే నాకు స్నానం లేదు. రేపటి నుంచి పెడదాం.

నమోదు 46

రేపు ఇవాళ దాకా రాలేదు. కోత ముంచుకొచ్చింది. మామూలుగా మొగ్గ మీద కోస్తారు, త్వరగా పని అయిపోవాలని. కానీ బండి లాగేవాడు జ్వరంతో పడిపోయాడు, పువ్వంతా విచ్చుకుని పసుపచ్చగా వేలాడేదాకా ఎవరూ రాలేదు. కోశాక కూడా కట్టలు నీడలో ఒక పూటంతా పడి వాడిపోయాయి.

వదిన కట్టలు చూసి నెత్తి కొట్టుకుంది.

"ఇదేంది? దవనమా, పొరక పుల్లలా? నీకు మొక్కల్ని అప్పజెప్పినోళ్లను పైకి పంపాల, నన్ను గాదు!"

దానికి తోడు ఇవాళ కరెంటు సగమే ఇచ్చారు. కొత్త పద్ధతి ప్రకారం ఆవిరి జోరుగా కొట్టి పూటలో ముగించాలి. ఆ జోరు రాలేదు. సన్నటి సెగ మీద పొద్దంతా డేగిసా ముక్కుతూ మూలుగుతూ ఉంది. వదిన ఎదురుగా కూర్చుని దాన్ని తిట్టింది, నన్ను తిట్టింది, కళాయిని తిట్టింది. నేను చీపురు గురించి ఆలోచిస్తూ కూర్చున్నాను.

నమోదు 47

మొదట వచ్చింది ఎప్పటిలాగే పల్చటి, కర్పూరం వాసన నూనె. వదిన లేచిపోబోయింది. నేనే ఆపాను, ఇంటికి పోయినా చేసేదేమీ లేదు కదా అని. ఆ తరవాత, ఎప్పుడూ పొయ్యి ఆపేసే వేళ దాటాక, గొట్టంలోంచి గోధుమరంగు చుక్కలు దిగాయి. చిక్కగా, పాకంలా. మాగిన పండు వాసన. దాని వెనక మందు వాసన. దాని వెనక ఇంకేదో, పేరు లేనిది. వదిన దూదికి అంటించి ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంది.

"మా అవ్వ కాలంలో ఇట్లుండేది" అంది.

దోమల డబ్బాలో వత్తి పెట్టారు. గుడ్డిదోమలు ఒక మూలకు పోయి ఒకదాని మీద ఒకటి పడి, కాసేపటికి రాలిపోయాయి. మృదుల మేడం చప్పట్లు కొట్టింది. అంటే అరచేతులు చప్పుడు కాకుండా దగ్గరకు చేర్చింది.

నమోదు 50

విచారణ. అంత మంచి నూనె ఎలా వచ్చింది? తప్పు జరిగితే ఒక కమిటీ వేస్తారు. ఒప్పు జరిగితే రెండు వేస్తారు, ఎందుకంటే ఒప్పు మా ఊళ్లో అరుదు.

మేడం దగ్గర ఉన్న ఆధారం ఒక్కటే. పేలిపోయిన చెవి. అందులో నిలిచిపోయిన ఆ పూట రికార్డింగ్ అందరి ముందూ వినిపించారు. సర్పంచిగారు చెవులు మూసుకుని, వేళ్ల మధ్య సందు మాత్రం ఉంచుకున్నారు.

"మద్దిలేటిగారూ, మీరు మొక్కల్ని తిట్టారు."

"తిట్టినా మేడం."

"మిగతావన్నీ నియమం ప్రకారమే చేశారు కదా? నీళ్లు, తెర?"

నీళ్ల దొంగకు పడేది పై డ్యూటీ. నేను నోరు తెరిచాను, మూశాను, మళ్లీ తెరిచి "నియమం తప్పితే నేను బతుకుతానా మేడం" అన్నాను.

ఆవిడ కళ్లు మెరిశాయి. "అయితే తేడా ఒక్కటే. తిట్టు."

నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. వదిన గండం గడిచింది. అంతకంటే నాకేం కావాలి?

నమోదు 63

ఇప్పుడు నేను ప్రధాన తిట్లధికారిని. పేజీలు నింపడం మాత్రం తప్పలేదు. 'కఠినవాక్కు' అని పథకానికి పేరు పెట్టారు. పాఠ్యపుస్తకం వేస్తున్నారు, నా రికార్డింగే మొదటి పాఠం, వాక్యాల కింద అర్థాలు కూడా ఇస్తారట. కొన్నింటికి అర్థం నాకే తెలియదు.

ఇవాళ శిక్షణ తరగతి. అరవడమే ఎరుగని జనం. కుళ్లాయప్పను మొదట నిలబెట్టాను. అతను దవనం ముందు చేతులు కట్టుకున్నాడు.

"నువ్వు... అంత బాగా లేవు."

"గట్టిగా, కుళ్లాయప్పా!"

"నువ్వు అంత బాగా లేవు, ఏమీ అనుకోకు."

"ఏమీ అనుకోకు అంటే ఇంగ తిట్టేది యాలప్పా? అది అనుకోవాలనే గదా తిట్టేది!"

"పాపం అన్నా, దానికి పొద్దున్నే యాదో ఆకు రాలిపోయింది."

వెనక వరసలో ఒకామె ఏడ్చేసింది. ఇంకొకామె "దరిద్రపుగొట్టు..." అని మొదలుపెట్టి, మొగుడు గుర్తొచ్చిందేమో, పథకం దాటి చాలా దూరం పోయింది. ఆమెకు మొదటి ర్యాంకు ఇచ్చాను. మృదుల మేడం కూడా ప్రయత్నించింది. ఆవిడ తిట్టింది, పెదవులు కదలడం చూశాం.

నమోదు 71

పదవి వచ్చాక సుఖం పోయింది. ప్రతిష్ఠాత్మక గది కాబట్టి కాపలా పెట్టారు. డ్రిప్పుకు తాళం. తెర సమయానికి దానంతటదే పడుతుంది. చీడ రాకుండా మందు. కోత మొగ్గ మీదే జరగాలని, బట్టీకి నిండు కరెంటు ఇవ్వాలని, పని పూటలో ముగించాలని సర్పంచిగారు ప్రత్యేకంగా ఆదేశించారు, గౌరవార్థం. మొక్కలు మోకాలెత్తు పెరిగి కళకళలాడుతున్నాయి. మేము పదిమందిమి రోజంతా వాటిని తిడుతున్నాం.

వారానికి ఒక్క బకెట్టు స్నానం. తరగతిలో నా చుట్టూ ఖాళీ పెరిగింది.

నమోదు 97

నూనె దించారు. నీళ్లు. దోమలు వత్తి మీద మళ్లీ కాపురం పెట్టాయి.

మృదుల మేడం నివేదిక రాసింది. తిట్లు శాస్త్రీయంగా పడ్డాయి, కాబట్టి లోపం బట్టీది. వదినకు కాగితం వచ్చింది. గదిలో ఇంకా కోతకు రాని సగం పంట దించడానికి మాత్రం ఆమెను ఉంచుతారు. ఆ తరవాత పైకి. చీపురు కూడా ఇచ్చేశారు, ముందుగానే.

నమోదు 98

వదిన బట్టీ ముందు చీపురు పక్కన పెట్టుకుని కూర్చుంది. నేను దగ్గరకు పోగానే ముక్కు మూసుకుంది.

"అబ్బబ్బ, ఎన్నాళ్లాయె మరిదీ నీళ్లు పోసుకోని?"

"వారమయింది."

"అప్పుడట్ల లేవే. నేను బంగారం లాంటి నూనె తీసిన రోజు నిగనిగలాడతాంటివి. ఇప్పుడు సూస్తే మేకల దొడ్డిమాదిరి..." అని ఆగిపోయింది. నన్ను పైనుంచి కిందికి చూసింది. "నువ్వు నీళ్లు పోసుకున్నన్నాళ్లూ నూనె బాగుండె. మానుకున్నావు, పల్చబడె. ఇది అమ్మవారి మహత్తేమన్నా అయ్యుంటాదా?"

"నా ఒళ్లు కడిగితే అమ్మవారికేం వదినా?"

"అయితే ఒగటి చెప్పు. ఊరంతా బకెట్టు నీళ్లకు కొట్టుకుంటాంటే, నీకు నీళ్లు యాడివి?"

నేను నేల చూశాను. నేల కూడా నన్నే చూసింది.

చెప్పేశాను. పైపు, తెర, అన్నీ. వదిన చీపురు అందుకుంది. అది తుడవడానికి కాదని తెలిసి నేను రెండు అడుగులు వెనక్కి వేశాను. తిట్టలేదు. అందుకే భయమేసింది.

"అంటే అప్పుడు దానికి నీళ్లు ల్యావు. నెత్తిన ఎండ. పువ్వు విచ్చుకునేదాకా కోత ల్యాదు. కోసినాక నీడన వాడింది. సన్న సెగమీద పొద్దంతా ఉడికింది. ఇంగ నువ్వు తిట్టింది ఒగే పూట." ఆవిడ రాగి డేగిసా వైపు చూసింది. "కళాయి అప్పుడూ ల్యాదు, ఇప్పుడూ ల్యాదు. అది గాదు అయితే."

వదిన నోట కళాయి తప్పు కాదన్న మాట వచ్చింది. ఆ ఒక్క మాటతో నాకు నమ్మకం కుదిరింది.

"ఎండిపోతే నూనె ఎందుకు ఎక్కువైతాది వదినా? మనిషి ఎండితే చెమట గూడ రాదే?"

"నాకేం తెల్సు. నిన్ను సుఖంగా కూసోబెడితే నువ్వు నోరిప్పుతావా? మోకాలు పగిల్తేనే గదా ఇప్పినావు" అంది, చీపురు కింద పెడుతూ.

నమోదు 99

మేడం దగ్గరకు పోయి ఒప్పుకున్నాను. పైకి పంపితే పంపారు. అయినా అన్న చీపురు చూసినవాణ్ణి, వదిన చీపురు కూడా చూడలేను.

ఆవిడ ఓపికగా విన్నది. చివర్న మెల్లగా తల ఊపింది.

"మీరు సుంకులమ్మగారిని కాపాడుకోవాలని అబద్ధం చెబుతున్నారు. మీ మంచితనం నాకర్థమైంది."

నా జీవితంలో నా మీద ఆ నేరం ఎవరూ మోపలేదు.

"అబద్ధం కాదు మేడం, నేను దొంగనే! నన్ను నమ్మండి!"

"నీళ్లు తగ్గితే మొక్క బాధపడుతుంది. బాధపడే మొక్క మంచి నూనె ఎందుకిస్తుందండీ?"

"మనకిచ్చేదానికి కాదు మేడం. ఆ వాసన మనకు సువాసన, పురుక్కి తిట్టు. నీళ్లు ల్యాక, ఎండకు మాడి, నన్నింగ ముట్టుకోవద్దండ్రా అని ఆకులోంచి తిడతాండాది అది. సుఖంగా ఉండేది యాల తిడతాది? మనం దాన్ని తిట్టేది గాదు, దానితో తిట్టించాల!"

ఆవిడ చెయ్యి గోక్కోవడం ఆపింది. ఒక్క క్షణం నమ్మినట్టే అనిపించింది. ఆ తరవాత బల్ల మీదున్న పుస్తకం వైపు చూసింది. కఠినవాక్కు, మొదటి ముద్రణ, సర్పంచిగారి ముందుమాటతో. అట్ట మీద నా బొమ్మ కూడా.

"ఇది పంచేశామండీ" అంది. ఇంతకు ముందు కంటే మెల్లగా. నేను చాలా వంగాల్సి వచ్చింది.

నమోదు 100

పడుకుని ఆలోచించాను. నిజం తలుపు దగ్గర నిలబడితే లోపలికి రానివ్వరు. అదే నిజం మారువేషం వేసుకుని వస్తే కుర్చీ వేస్తారు. నాకు నిజం చెప్పడం చేతకాదు గానీ, వేషాలు వేయడంలో చిన్నప్పటి నుంచీ అనుభవం ఉంది.

కమిటీ ముందు నిలబడి చెప్పాను. "అయ్యా, ఇన్నాళ్లూ మనం చేసింది నోటితిట్టు. అది చిన్నబడికి సరిపోతుంది. దవనం ఇప్పుడు తిట్లకు అలవాటు పడిపోయింది. ఇక పెద్దతిట్టు కావాలి. చేతలతిట్టు."

సర్పంచిగారు ముందుకు వంగారు. "అంటే?"

"పలకరించకపోవడం. నీళ్లు ఇవ్వకపోవడం. ఎండలో నిలబెట్టి తెర కూడా వేయకపోవడం. పువ్వు పూసినా కోయడానికి తొందరగా పోకపోవడం, నీకంత సీన్ లేదన్నట్టు. కోసినాక ఒక మూల పడేసి పట్టించుకోకపోవడం. ఆఖర్న బట్టీలో కూడా పెద్ద మంట పెట్టకుండా సన్నసెగ మీద పొద్దంతా సాధించడం. అత్తగారు కోడల్ని సాధించినట్టు."

ఒక సభ్యుడు కళ్లు తుడుచుకున్నాడు. "ఎంత క్రూరంగా ఉంది" అన్నాడు మెచ్చుకోలుగా. రెండో ముద్రణలో ఒక అధ్యాయం చేర్చాలని తీర్మానం చేశారు.

మృదుల మేడం నా వైపే చూస్తూ ఉంది. ఇవన్నీ నిన్న విన్న మాటలేనని ఆవిడకు తెలుసు. చెయ్యెత్తింది. నా పని అయిపోయిందనుకున్నాను.

"నేను బలపరుస్తున్నాను" అంది. ఆ ఒక్క మాట మాత్రం గదిలో అందరికీ వినిపించింది.

అప్పుడు సర్పంచిగారికి ఒక సందేహం వచ్చింది. "ఇవ్వని నీళ్లు ఏం చేయాలి?"

నోరు ఆగదు కదా. "మొక్కల కళ్లముందే వేరేవాళ్ల మీద పోయాలండీ. అప్పుడే తిట్టు పూర్తి అవుతుంది."

నమోదు 124

నూనె దిగి నాలుగు రోజులైంది. ఈసారి వదిన మొదటి పల్చటి నూనెను పక్కన పెట్టి, ఆ గోధుమరంగు చుక్కల కోసం పొద్దంతా పొయ్యి ముందు కూర్చుంది. కరెంటు నిండుగా ఉన్నా కావాలనే తగ్గించింది. డబ్బాలో దోమలు వత్తి పూర్తిగా పెట్టకముందే మూలకు పోయాయి. ఊళ్లో గుమ్మం గుమ్మానికీ వత్తి పంచారు. జ్వరాల గది వరండా ఖాళీ అవుతోంది.

వదినకు ఇచ్చిన కాగితం వెనక్కి తీసుకున్నారు. చీపురు మాత్రం తీసుకోలేదు. దాంతో ఆవిడ బట్టీ ఊడ్చుకుంటోంది. మృదుల మేడం చేతులు నున్నగా ఉన్నాయి, గోక్కోవడానికి ఏమీ లేక వేళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడింది. నా పక్కగా పోతూ "నిజమేనా మీరు దొంగ?" అని అడిగింది. "ఔను మేడం" అన్నాను. "మంచిది" అని పోయింది.

నమోదు 139

పథకాన్ని అన్ని గదులకూ విస్తరించారు. కొత్తిమీరకు, పాలకూరకు, బచ్చలికి కూడా చేతలతిట్టు. నేను వద్దని మొత్తుకున్నాను. కొత్తిమీర తిట్లు పడే రకం కాదు, ఎండితే చచ్చిపోతుంది అని చెప్పాను. నేను మెత్తబడుతున్నానని రాసుకున్నారు. కుళ్లాయప్ప రాత్రుళ్లు దొంగతనంగా కొత్తిమీరకు నీళ్లు పోస్తున్నాడు. తిట్టలేనివాడు దొంగయ్యాడు, నా శిష్యుడే.

ఇక నా సంగతి. ఇవ్వని నీళ్లు మొక్కల కళ్లముందు ఎవరి మీద పోయాలని చర్చ వచ్చినప్పుడు, అనుభవం ఉన్నవాడి మీదే అని మృదుల మేడం సూచించింది. ఆవిడ పెదవుల మీద నవ్వు కనబడింది, చాలా సన్నగా, సన్నసెగలా. ఇప్పుడు గది గదికీ వెళ్లి, తెర లేకుండా, పదిమంది అధికారులు రాసుకుంటూ ఉండగా, దవనం ముందు ఒకసారి, పాలకూర ముందు ఒకసారి, బచ్చలి ముందు ఒకసారి స్నానం చేస్తున్నాను. ఒళ్లు నానిన పప్పులా ముడతలు పడింది. జలుబు. తుమ్మితే తిట్టు కింద లెక్కేస్తున్నారు.

సాయంత్రం వణుక్కుంటూ బట్టీ దగ్గరకు పోయాను, పొయ్యి దగ్గర కాచుకుందామని. వదిన థాంక్సు చెప్పే మనిషి కాదు. దూది మీద ఒక గోధుమరంగు చుక్క వేసి నా ముక్కు కింద రాసింది.

"సూడు. నీళ్లు దొంగిలిచ్చి మాడిచ్చినోడివి నువ్వే గద. ఇది తిడతాండేది నిన్నే, మరిదీ."

జలుబులోంచి కూడా ఆ వాసన దారి చేసుకుని వచ్చింది. మాగిన పండు, మందు, దాని వెనక ఆ పేరులేనిది. ముక్కు తుడుచుకోకుండా పొయ్యికి ఇంకాస్త దగ్గరగా జరిగాను.

నా ఒంటి మీద పడని తిట్టు లేదు. ఇంత కమ్మగా మాత్రం ఎవరూ తిట్టలేదు.